సున్నా మేస్త్రి పెట్టిన లక్క చుక్క

పొద్దున్నే ఆ ఇంట్లో టైమెంతయిందో తెలుసుకోవడం అంత తేలికేం కాదు. హాలు గోడకి ఎనిమిది గడియారాలున్నాయి గానీ, ఒక్కదానికీ పెద్దముల్లూ చిన్నముల్లూ అంటూ లేవు. అవన్నీ ఒకప్పుడు మిల్లులో ఆవిరి ఒత్తిడి చూపించిన ఇత్తడి గేజులు. లోపలి గొట్టాలు పీకేసి, వెనక చిన్న మోటారు బిగించి, ఒంటిముల్లు సున్నా నుంచి పన్నెండు దాకా మెల్లగా ఎక్కేలా చేశాడు సున్నా మేస్త్రి. పన్నెండు దాటగానే ఆ ముల్లు టప్పున సున్నా మీదికి పడిపోతుంది. మళ్ళీ మొదలు. "పావు తక్కువో పావు ఎక్కువో తేలకపోతే ఇదేం గడియారం మామయ్యా?" అని కోడలు మొదట్లో తెగ నవ్వింది. అలా తేలకపోవడమే బాగుందని కొనేవాళ్ళు ఎగబడ్డాక, ఆమే ఫోటోలు తీసి ఊరూరా అమ్మిపెట్టడం మొదలెట్టింది. గోడకున్న ఎనిమిదీ మాత్రం కాస్త ముందో వెనకో నడుస్తాయని ఇంట్లోనే ఉండిపోయినవి.

మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు గేజులు సరిచూసే పని చేశాడాయన. ఏ గేజు చేతికిచ్చినా "ముందు సున్నా చూడు" అనేవాడు. ఆ మాటే పేరై కూర్చుంది. మిల్లు మూతపడి నాలుగేళ్ళయినా, ఇప్పటికీ వీధిలో పాలవాడి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరికీ ఆయన సున్నా మేస్త్రే. ఆ పేరంటే ఆయనకి లోలోపల గొప్ప. పైకి మాత్రం విసుక్కున్నట్టు నటిస్తాడు.

కోడలు క్యారియరు కట్టుకుంటూ హాల్లోకి తొంగి చూసింది. మందుల దుకాణంలో పని ఆమెకి. శనివారం ఒంటిపూటే.

"మామయ్యా, పదకొండు గడియారాలు పెట్టెల్లో సర్దేశాను. ఆ పన్నెండోది ఎక్కడిదాకా వచ్చింది? సాయంత్రం నాలుగింటికి హోటలు వాళ్ళ బండి వస్తుంది, గుర్తుందా?"

"ఉందమ్మా, ఉంది. నాకేమైనా మతిమరుపా?"

"మతిమరుపు కాదు, మెరుగు పిచ్చి. ఇత్తడి తోమడం మొదలెడితే పిలిచినా పలకరు మీరు."

"సరేలే, ఇవాళ పలుకుతాను. ఒక్కసారి పిలిచి చూడు."

వంటింట్లోంచి కొడుకు గొంతు వినిపించింది. "చిట్టీ, ఇలా రా. స్టవ్ కట్టేసే ఉందా?"

పదేళ్ళ మనవరాలు జడ సగంలో వదిలేసి పరుగెత్తింది. "కట్టేసే ఉంది నాన్నా."

"సరిగ్గా చూడు."

"రెండుసార్లు చూశాను నాన్నా! బడికి ఆలస్యమైతే టీచరుకి నువ్వే చెప్పుకో."

అందరూ నవ్వారు. కొడుకూ నవ్వాడు, నవ్వితే ఎడమ చెంప మీద కాలిన చర్మం బిగుసుకుంటుంది గనక సగమే నవ్వాడు. ఎడమ చేతి వేళ్ళు మూడు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆ చేతిని జేబులో దాచుకుని, రెండో చేత్తో కూతురి సంచీ పట్టుకుని బయల్దేరాడు. బస్సు నంబరు, మందు సీసా మీద తేదీ, ఏదైనా సరే పక్కనున్నవాళ్ళు చదివి చెప్పాల్సిందే అతనికి. కళ్ళ డాక్టరు చూసి, నిక్షేపంలా ఉన్నాయయ్యా అని పంపేశాడు. కళ్ళకేం? వాటి మీద అతనికే నమ్మకం పోయింది.

తొమ్మిదేళ్ళ కిందట మిల్లులో రెండో నంబరు బాయిలర్ దగ్గర అతను ఆపరేటరు. ఒకరోజు మధ్యాహ్నం బాయిలర్ మూత పక్కన అతుకు ఊడి ఆవిరి ఎగజిమ్మింది. ఇతని చెయ్యీ చెంపా కాలాయి. పక్కనే బొగ్గు వేస్తున్న స్నేహితుడు అక్కడికక్కడే పోయాడు. ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగేవాడని అతన్ని అందరూ ఈలబాబు అనేవారు. పెళ్ళయి అప్పటికి ఆర్నెల్లు. ఎంక్వయిరీలో నిపుణులు లెక్కలు వేసి, ఒత్తిడి తొమ్మిదిన్నర కిలోలు దాటితే తప్ప అలా ఊడదని తేల్చారు. ఎనిమిది దాటకూడని బాయిలర్ అది. కొడుకేమో, గేజు ఏడే చూపించిందన్నాడు. అప్పుడు సున్నా మేస్త్రిని పిలిచారు.

గేజు అక్కడే బల్ల మీద ఉంది. ముల్లు సరిగ్గా సున్నా మీదుంది. ముల్లు కుదుటి మీద ఆయన పెట్టిన ఎర్ర లక్క చుక్క చెక్కు చెదరలేదు. సరిచూసిన ముల్లు తర్వాత ఇసుమంతైనా కదిలితే ఆ చుక్క పగులుతుంది, అందుకే అది పెడతారు. రిజిస్టరులో రెండు వారాల కిందటి సంతకం ఉంది. "ఎందుకైనా మంచిది, ఇంకోసారి పంపుకి తగిలించి పరీక్ష చేద్దామా?" అని అడిగాడు పెద్ద ఇంజినీరు. మేస్త్రికి చర్రుమంది. "నా సంతకం ఉన్న గేజుకి మళ్ళీ పరీక్షా? పాతికేళ్ళుగా నా గేజు అబద్ధం చెప్పిందా?" అన్నాడు. ఆయన మీద గౌరవం కొద్దీ వాళ్ళు ఊరుకున్నారు. గేజు నిజం చెబితే ఆపరేటరు అబద్ధం చెప్పినట్టు, లేదంటే కునుకు తీసినట్టు. కునుకే అని రాసి ఫైలు మూసేశారు. కన్నకొడుకని కూడా చూడకుండా నిజం చెప్పాడని ఊరంతా మేస్త్రిని మెచ్చుకుంది. ఆయన కూడా ఆ మెప్పు మీదే ఇన్నేళ్ళూ బతికాడు, అబద్ధమెందుకు.

అందరూ వెళ్ళాక మేస్త్రి వరండాలో బల్ల ముందు కూర్చుని పాత ఇనుము వ్యాపారి పంపిన గోతాం విప్పాడు. మిల్లు యంత్రాలు ఆఖరుసారిగా విప్పినప్పుడు దొరికిన సరుకది. రెండు గేజులు అద్దాలు పగిలి పనికిరావు. మూడోది మసిగుడ్డలో చుట్టి ఉంది. గుడ్డ తీసి వెనక్కి తిప్పాడు. తన చేత్తో చెక్కిన అక్షరాలు కనిపించాయి: బాయిలర్ 2.

ముందు దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టేద్దామనుకున్నాడు. కానీ సాయంత్రం బండి వస్తుంది, ఇంకో గేజు లేదు. పైగా, ఒప్పుకోవాలి, దాన్ని చూస్తుంటే ఆయనకి ఒకరకం గర్వం కూడా కలిగింది. ఎంత కచ్చితమైన గేజు! ప్రాణం పోయినా నిజమే చెప్పింది, అనుకున్నాడు. అద్దం ఊడదీశాడు. సున్నా దగ్గర ముల్లు వెనక్కి జారిపోకుండా చిన్న మేకు ఒకటి అడ్డం ఉంటుంది. గడియారం చేసేటప్పుడు ముందు పీకేది దాన్నే. పటకారుతో పట్టి లాగాడు.

మేకు ఊడిందో లేదో, ముల్లు విదిలించుకున్నట్టు వెనక్కి తిరిగింది. సున్నా దాటి కిందికి పోయి, రెండున్నర గీతల దూరంలో ఆగింది.

మేస్త్రి వేలితో డయలు తట్టి చూశాడు. ముల్లు అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ అది సున్నా మీద నిలబడలేదు, మేకు ఆపితే ఆగింది. అంటే ఆ గేజు ఏడు చూపించినప్పుడు లోపల ఉన్నది తొమ్మిదిన్నర. ఆవిరి దెబ్బకి ముల్లు కదిలి ఉంటుందిలే అని ఒక్క క్షణం ఆశపడ్డాడు. భూతద్దం పెట్టి చూస్తే ఎర్ర లక్క చుక్క కొత్త పెళ్ళికూతురి బొట్టులా నిండుగా ఉంది. ఎక్కడా పగుల్లేదు. ముల్లు కదలలేదు, తను పెట్టిన చోటే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గేజుని విప్పి బల్ల మీదికి తెచ్చి, లోపలి ఆవిరి పూర్తిగా వదిలేసి, తెలిసిన ఒత్తిడి పెట్టే పంపుకి తగిలించి చూడాలి. ముప్ఫై ఏళ్ళు పదిమందికి నేర్పిన పని. రిజిస్టరులో సంతకం పెట్టిన ఆ రోజు విప్పలేదు. కుళాయి మూసి, ఉన్నచోటే అద్దం తీసి, ముల్లు పీకి డయలు తుడిచి, మళ్ళీ ముల్లు సున్నా మీద పెట్టి నొక్కాడు. గొట్టంలో రెండున్నర కిలోల ఆవిరి చిక్కుకుని ఉండగానే దానికి సున్నా అని పేరు పెట్టాడు. ఎందుకలా చేశాడో కారణం వెతికాడు. ఒంట్లో బాగాలేదా? ఎవరైనా తొందరపెట్టారా? ఇంట్లో ఏదైనా గొడవా? ఏమీ లేదు. షిఫ్టు అయిపోవస్తోంది, విప్పడానికి బద్ధకించాడు. అంతే.

ఎంతసేపలా కూర్చున్నాడో తెలీదు. బల్ల మీద లక్క కరిగించే మందు సీసా ఉంది. ఒక్క గుడ్డముక్క తడిపి తుడిస్తే ఆ చుక్క పోతుంది. ముల్లు పీకేస్తే గేజు ఉండదు, గడియారం ఉంటుంది. ఎక్కడో హోటల్లో గోడ మీద టైము చూపించుకుంటుంది. ఆయన గుడ్డ తడిపాడు కూడా. గేజు దగ్గరికి తెచ్చాడు, వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ తెచ్చాడు.

"ఇంకా విప్పుతూనే ఉన్నారా?"

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. ఒంటిగంట దాటిపోయింది.

"మామయ్యా! నాలుగింటికి బండి వస్తుందని చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళాను. ఇవ్వండిలా, తోమడం నేను చేస్తాను."

"ఇది వద్దమ్మా. దీనికి పగులుంది."

"పగులుంటే ఇంకా ముద్దు వాళ్ళకి." ఆమె చెయ్యి చాచి గేజు అందుకుంది. బరువుకి అది వెనక్కి తిరిగింది. ఆ అక్షరాలు చదివి ఆమె మొహం పాలిపోయింది.

"దీన్ని ఇంట్లోకి తెచ్చారా? ఆయన కంటబడితే ఏమవుతుందో తెలీదా మీకు? నిద్రలో ఇప్పటికీ ఈలబాబుని పిలుస్తారాయన. ముందు దీన్ని తీసుకెళ్ళి ఎక్కడైనా పారేయండి."

"అమ్మాయ్..."

"పారేయండి అంటున్నానా!"

"వాడు నిద్రపోలేదమ్మా."

ఆమెకి అర్థం కాలేదు. మేస్త్రి గేజు తీసుకుని, ముల్లుని సున్నా దాకా జరిపి మేకు పెట్టి చూపించాడు, మేకు తీసి చూపించాడు. చుక్క చూపించాడు. మొత్తం విన్నాక ఆమె ఆయన చేతిలో తడిగుడ్డ వైపు చూసింది. మందుల దుకాణంలో పని చేసే మనిషికి ఆ వాసన చెప్పక్కర్లేదు.

"తుడిచేద్దామనుకున్నారు కదూ?"

ఆయన తల దించుకున్నాడు. "అనుకున్నానమ్మా."

"తుడిచేసి, మెరుగు పెట్టి, నా చేతే పెట్టెలో సర్దించేవారు." ఆమె కూర్చుండిపోయింది. కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది. "మిమ్మల్ని అనడానికి నాకు మాత్రం నోరెక్కడిది? పక్కన పడుకునేదాన్ని, నేనూ నమ్మాను. కునుకు తీశారేమోలే, మనిషన్నాక తీయరా అని ఓదార్చాను. ఓదార్చాననుకున్నాను మామయ్యా! అలా ఓదార్చినప్పుడల్లా ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవారు."

"నేను చెప్పలేనమ్మా. నా వల్ల కాదు."

"మీరు చెప్పాల్సిందే. నేను చెబితే మొగుణ్ణి వెనకేసుకొచ్చినట్టుంటుంది. అప్పుడు కాదన్నది మీరు. ఇప్పుడు అవుననాల్సింది కూడా మీరే."

వీధి తలుపు చప్పుడైంది. కూతుర్ని బడి నుంచి తీసుకుని కొడుకు వచ్చాడు. కోడలు కళ్ళు తుడుచుకుని, చిట్టిని పక్కింటికి పంపించింది. కొడుకు వరండాలోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఆ తర్వాత బల్ల చూశాడు. ఆ గేజుని గుర్తుపట్టడానికి అతనికి అక్షరాలు అక్కర్లేకపోయింది. ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఇదెందుకొచ్చింది ఇక్కడికి?"

"కూర్చోరా," అన్నాడు మేస్త్రి.

"నాన్నా, తీసెయ్ దాన్ని."

"తీసేస్తాను. ముందు ఒక్క మాట విను. ఆ రోజు తప్పు నీది కాదురా, నాది. ఇది ఏడే చూపించింది. నువ్వు ఏడే చూశావు."

మేస్త్రి మేకు పెట్టాడు, తీశాడు. ముల్లు వెనక్కి పోయింది. వివరంగా చెప్పబోతే కొడుకు చెయ్యెత్తి ఆపాడు. ఏళ్ళ తరబడి ఆ బాయిలర్ దగ్గర పని చేసినవాడు, ముల్లు చూడగానే అతనికంతా తెలిసిపోయింది. అయినా భార్య వైపు తిరిగి, "ఎక్కడుంది ముల్లు? నువ్వు చెప్పు," అన్నాడు.

"సున్నాకి కిందుందండీ. రెండున్నర."

"ఆ రోజు పరీక్ష చేద్దామన్నారు వాళ్ళు. గదిలో నేనూ ఉన్నాను. నువ్వొద్దన్నావు."

"వద్దన్నాను."

"ఎందుకు నాన్నా?"

"పొగరురా. నా సంతకాన్ని అనుమానిస్తారా అని."

కొడుకు గట్టిగా అరుస్తాడనీ, గేజు తీసి తన మొహాన కొడతాడనీ మేస్త్రి ఎదురుచూశాడు. కొడితే బాగుండుననుకున్నాడు. కొడుకు మెట్టు మీద కూర్చుని, కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూశాడు.

"ఈలబాబు వాళ్ళమ్మ పోయి రెండేళ్ళయింది," అన్నాడు చివరికి. "ఆఖరిదాకా మన గుమ్మం వైపు చూడలేదావిడ. వాడి పెళ్ళాం ఏ ఊళ్ళో ఉందో కూడా తెలీదు. వాళ్ళకెవరు చెబుతారు?"

"ఆవిడకి ఇంకెవరూ చెప్పలేరురా. ఆ అమ్మాయిని వెతికి నేనే చెబుతాను. కాళ్ళ మీద పడతాను."

"పడితే ఏమొస్తుంది?"

మేస్త్రి చేతిలో ఉన్న మేకుని బల్ల మీద పెట్టేశాడు.

"నీకింకోటి చెప్పనా నాన్నా? నాకు నిద్రపోయినట్టే గుర్తుంది. మొదట్లో లేదు. అందరూ అంటుంటే, రోజూ అదే ఆలోచిస్తుంటే, మెల్లగా గుర్తొచ్చింది. స్టూలు మీద కూర్చున్నాను, కళ్ళు మూతలు పడ్డాయి. చిన్న కల కూడా వచ్చింది. చిట్టిని ఎత్తుకుని ఏదో గట్టు మీద నడుస్తున్నాను. ఆ కల రంగులతో సహా గుర్తుంది నాకు. నువ్వు ఇప్పుడు అది లేదంటున్నావు. సరే, లేదు. కానీ ఏడు చూసినట్టు మాత్రం నాకు గుర్తు రావడం లేదు. ఎంత వెతికినా రావడం లేదు. దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?"

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేస్త్రికి అప్పుడు తెలిసింది తనేం చేశాడో. ఇందాకటిదాకా కొడుకు మీద పడ్డ నింద ఒక్కటే కనిపించింది. ఒక్క మాటతో దాన్ని తీసేస్తే పోతుందనుకున్నాడు. కొడుకు దగ్గర ఉన్న నిజాన్ని కూడా తనే పోగొట్టాడు. ఇప్పుడు కావాలన్నా అది వాడి దగ్గర లేదు.

ఆయన బల్ల పట్టుకుని లేచి వచ్చి, కొడుకు పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. వీధిలో హోటలు బండి చెప్పిన టైముకన్నా ముందే వచ్చి హారన్ కొట్టింది. కోడలు వెళ్ళి, పదకొండే ఉన్నాయి, పన్నెండోది ఇక రాదు అని చెప్పి వాటినే ఎక్కించి పంపింది.

"నీకు గుర్తు లేకపోతే పోనీరా," అన్నాడు మేస్త్రి. "నాకు గుర్తుంది."

కొడుకు తలెత్తాడు.

"ఎంక్వయిరీకి చేతికి కట్టుతో వచ్చావు. జ్వరం కూడా ఉంది నీకు. 'ఏడు ఉంది సార్, కళ్ళారా చూశాను' అన్నావు. మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే అన్నావు. వాళ్ళు తిప్పి తిప్పి అడిగినా మాట మారలేదు. నేను సాక్ష్యం చెప్పి లేచి వస్తుంటే, గుమ్మం దగ్గర మంచి చేత్తో నా చొక్కా పట్టుకున్నావు. 'నాన్నా, ఏడే నాన్నా, నువ్వన్నా నమ్ము' అన్నావు. నేను నీ చెయ్యి విడిపించుకుని వచ్చేశాను."

"అలా అన్నానా నేను?"

"అన్నావురా."

"చొక్కా పట్టుకున్నానా?"

"గుండీ ఊడొచ్చింది. నీ చేతిలోనే ఉండిపోయింది."

కొడుకు మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. "నిద్రపోయినవాడు అలా పట్టుకోడు కదా నాన్నా?"

"పట్టుకోడు నాయనా. పట్టుకోడు."

అప్పుడు ఏడ్చాడు వాడు. తొమ్మిదేళ్ళుగా ఏడవనివాడు, తండ్రి భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో క్షమించడం ఉందో లేదో మేస్త్రికి తెలీదు, అడిగే ధైర్యమూ లేదు. వాడి వీపు నిమురుతూ ఉండిపోయాడు. కోడలు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, తనూ కింది మెట్టు మీద కూర్చుంది.

కాసేపటికి కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. తండ్రి వైపు చూడకుండానే అడిగాడు.

"ఆ రోజు ఇంకా ఏమన్నాను నాన్నా? మొత్తం చెప్పు. మొదట్నుంచి చెప్పు."

మేస్త్రి ఆ గదిలో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పడంతో మొదలుపెట్టాడు.